బ్రేకు ముందు, ఇంజను తరవాత



మన గుంటూరు, ప్రకాశం వైపు పల్లెల్లో గొడ్ల సావిడి ఉన్న ఇంటికి వెళితే, ఏదో ఒక మూల పాత ఇంజను ఒకటైనా కనిపిస్తుంది. సావిట్లో గొడ్లు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇంజను మాత్రం ఉంటుంది. పత్తికి మందు కొట్టీ కొట్టీ మూలపడ్డ పవర్ స్ప్రేయరు, ఎంత తాడు లాగినా పలకని తైవాన్ పంపు, పెట్రోలుతో మొదలెట్టి కిరసనాయిలు మీదికి మళ్ళించే నీళ్ళ ఇంజను, చక్రాలు ఊడి గోడకు ఆనించిన టీవీఎస్ ఎక్సెల్. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక కాయతొలుచు పురుగుకు కొట్టే మందులు తగ్గాయి, ఆ స్ప్రేయర్లలో కొన్ని అప్పుడే అటకెక్కాయి. తరవాత బ్యాటరీ పంపులు వచ్చాయి. ఇప్పుడు డ్రోన్లు వస్తున్నాయి. మిరపకు మందు కొట్టడం ఆగలేదు గాని, దాన్ని కొట్టే యంత్రం మాత్రం నాలుగైదేళ్ళకొకసారి మారుతోంది. మారినప్పుడల్లా పాతది మూలకు చేరుతోంది.

ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చిన కుర్రాడి కన్ను సరిగ్గా ఆ మూల మీదే పడుతుంది. సైకిలుకు స్ప్రేయరు ఇంజను కడదామనుకుంటాడు. నాలుగు పైపులు వెల్డింగ్ చేయించి, వెనక ఎక్సెల్ ఇంజను పెట్టి, మిరపకాయల కల్లం చుట్టూ తిరిగే చిన్న బండి చేద్దామనుకుంటాడు. ఫోనులో అలాంటివి చేసిన వాళ్ళ వీడియోలు బోలెడన్ని. ఆ కుర్రాళ్ళ కోసమూ, "చదువుకోమని పంపితే ఈ ఇనప సామాన్లేమిట్రా" అని కసురుకునే తల్లిదండ్రుల కోసమూ ఇవాళ నాలుగు మాటలు చెబుతాను. కసురుకోవద్దని మొదటి మనవి. ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండమని రెండో మనవి.

ఎందుకు కసురుకోవద్దో ముందు చెప్పాలి. 1946లో, యుద్ధం ముగిసి చితికిపోయిన జపాన్‌లో, హమమత్సు అనే ఊళ్ళో సొయిచిరో హోండా అనే ఆయనకు సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్లు ఒక ఐదు వందల దాకా దొరికాయి. సైన్యం వాటిని వాడింది వైర్‌లెస్ సెట్లకు కరెంటు పుట్టించడానికి. అంటే మీరిప్పుడు వింటున్న ఈ రేడియోకూ ఆ కథకూ కాస్త చుట్టరికం ఉందన్నమాట. ఆయన ఆ ఇంజన్లను ఒక్కొక్కటే విప్పి, బాగుచేసి, సైకిళ్ళకు బిగించి అమ్మాడు. మొదటి నమూనాకు పెట్రోలు ట్యాంకుగా పెట్టింది చలికాలంలో పక్కలో ఉంచుకునే వేడినీళ్ళ డబ్బాని. ఉన్న ఇంజన్లు అయిపోయాక సొంతంగా ఇంజను తయారు చేశాడు. 1948లో కంపెనీ పెట్టాడు. మన చేలల్లో నీళ్ళు తోడిన ఆ కిరసనాయిలు ఇంజన్లలో చాలా వాటి మీద ఉన్న పేరు ఆయనదే.

ఇంకో పదేళ్ళకు, 1956లో, అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ అనే ఆయన గడ్డి కోసే యంత్రపు ఇంజను తీసి నాలుగు చిన్న చక్రాల చట్రానికి తగిలించాడు. రేసు కార్లు తయారుచేసే షాపులో పనివాడు ఆయన. ఇవాళ ప్రపంచమంతా గో-కార్టు అంటున్నది ఆ బండినే. రెండు చోట్లా కొత్త ఇంజను లేదు. మిగిలిపోయిన ఇంజన్లే. కాబట్టి సావిట్లో కూర్చుని చేతులకు మసి పూసుకుంటున్న మన పిల్లవాడు ఏదో పనికిమాలిన పని చేస్తున్నాడనుకోవద్దు.

ఇక పనిలోకి వద్దాం.

మన దగ్గరి పాత ఇంజనుకు, మిగతా చోట్ల దొరికే పాత ఇంజనుకు ఒక తేడా ఉంది. మనది మందు తాగిన ఇంజను. స్ప్రేయరు ట్యాంకులోనూ, గొట్టాల్లోనూ, ఇంజను రెక్కల మధ్యా, తాడు చుట్టుకునే చోటా ఏళ్ళ తరబడి కొట్టిన పురుగుమందులు ఎండి అట్టకట్టి ఉంటాయి. ఆ మందుల్లో చర్మం గుండా ఒంట్లోకి ఎక్కేవీ ఉన్నాయి. కాబట్టి స్పానరు పట్టుకునే ముందు పట్టుకోవాల్సింది రబ్బరు గ్లౌజులు. ట్యాంకునూ గొట్టాలనూ విడదీసి పక్కన పెట్టేయండి, బండికి అవి అక్కర్లేదు. ఇంజనును సబ్బు నీళ్ళతో, బ్రష్షుతో, బావికీ బోరుకూ పశువుల తొట్టికీ దూరంగా కడగండి. ఆ పని చేసిన చేతులతో బీడీ ముట్టించడం, పకోడీ తినడం కుదరదు. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి.

కడుగుతుంటే ఇంకో సంగతి బయటపడుతుంది. గాలితో చల్లబడే ఇంజనుకు సిలిండరు చుట్టూ రెక్కలుంటాయి. పత్తి చేల మధ్య బతికిన ఇంజనుకు ఆ రెక్కల సందుల్లో పత్తి నూగు, ఆయిలు, నల్లరేగడి దుమ్ము కలిసి నమదాలా బిగుసుకుపోయి ఉంటుంది. పైన రేకు మూత విప్పితే తప్ప కనిపించదు. ఇంజను ఎందుకు పట్టేసిందో తెలియక పిస్టన్ మార్పించిన రైతులు ఎందరో ఉన్నారు. ఆ నూగు తీయకుండా కొత్త పిస్టన్ వేస్తే, రెంటచింతల ఎండల్లో అది కూడా పట్టేస్తుంది.

ఆ రేకు మూత గురించి ఇంకొక్క మాట. విప్పిన తరవాత కుర్రాళ్ళకు దాన్ని మళ్ళీ పెట్టబుద్ధి కాదు. రెక్కలు కనబడుతుంటే అందంగా ఉంటుందట! ఫ్యాను విసిరే గాలిని రెక్కల మధ్యకు మళ్ళించేది ఆ రేకే. అది లేకపోతే గాలి పక్కలకు పోతుంది, ఇంజను లోపల కాలిపోతుంది. సొట్ట తీసి, రంగు వేసి, మళ్ళీ దాని చోట్లోనే బిగించండి.

ఇంజను కడిగి ఆరబెట్టాక విప్పడం. ఇక్కడే పని తెలిసినవాడికీ తెలియనివాడికీ తేడా తెలిసిపోతుంది. తెలియనివాడు గబగబా విప్పుతాడు. తెలిసినవాడు విప్పకముందే సగం సంగతులు ఇంజనునే అడుగుతాడు. ప్లగ్గు తీసి చూడండి. మొన మీద లేత ఇటుక రంగు ఉంటే ఇంజను ఆరోగ్యంగానే మండుతోంది. నల్లటి తడి మసి ఉంటే ఆయిలు పైకి వస్తోంది, లేదా పెట్రోలు ఎక్కువ పోతోంది. సున్నం కొట్టినంత తెల్లగా ఉంటే గాలి ఎక్కువై, పెట్రోలు చాలక, వేడెక్కిపోతోంది. ఈ తెల్లదే ప్రమాదం. టూ స్ట్రోకు ఇంజనులో క్రాంకు చివర్ల ఉండే రబ్బరు సీళ్ళు ఎండిపోయి, అక్కణ్ణుంచి దొంగగాలి లోపలికి పోయిన లక్షణం కావచ్చు అది. చాలామంది అప్పుడు కార్బురేటరు మార్చేస్తారు. డబ్బు పోతుంది, జబ్బు పోదు.

కిక్కులో బిగువు లేకపోతే, అంటే కంప్రెషను పోతే, ఇంకో చిన్న పరీక్ష ఉంది. ఫోర్ స్ట్రోకు ఇంజనైతే ప్లగ్గు కంత లోంచి ఒక చెమ్చాడు ఇంజను ఆయిలు పోసి మళ్ళీ కిక్కు కొట్టండి. బిగువు వచ్చిందా, రింగులు అరిగాయి. రాలేదా, ఎక్కువగా వాల్వులు కారుతున్నట్టే. ఆసుపత్రిలో రక్త పరీక్ష లాంటిది ఇది. ఇది చేయకుండా హెడ్డు దించకండి.

వాల్వులు కారుతుంటే హెడ్డు దించి, గ్రైండింగ్ పేస్టు రాసి, చేత్తో అటూ ఇటూ తిప్పుతూ కూర్చోబెట్టాలి. కూర్చున్నాయో లేదో చూడటానికి వేలు పోసి పరికరం కొననక్కర్లేదు. వాల్వులు బిగించాక హెడ్డు ద్వారంలో కాస్త కిరసనాయిలు పోసి కాసేపు వదలండి. అవతలి వైపు చెమ్మ ఊరకపోతే పని బాగా కుదిరినట్టే.

రింగులైతే కొంచెం పెద్ద కథ. రింగును సిలిండరులోకి దించి, పిస్టన్‌తో తిన్నగా కిందికి తోసి, రింగు రెండు కొసల మధ్య సందును ఫీలర్ గేజీతో చూడాలి. స్ప్లెండర్, సీడీ 100 లాంటి బండ్ల బోరు 50 మిల్లీమీటర్లు. ఆ సైజు బోరులో కొత్త రింగు సందు పావు మిల్లీమీటరు లోపే ఉంటుంది. అర మిల్లీమీటరు దాటిందంటే ఆ రింగు ఇక పనికిరాదు. కొత్త రింగు వేసినా సందు ఎక్కువే వస్తోందంటే అరిగింది రింగు కాదు, బోరు. అప్పుడు లేత్ షెడ్డుకు తీసుకుపోవాలి.

లేత్ షెడ్లో అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ముందు బోరు కొట్టించి, తరవాత పిస్టన్ కోసం కొట్లన్నీ తిరుగుతారు. ఓవర్‌సైజు పిస్టన్లు పావు, అర, ముప్పావు, ఒక మిల్లీమీటరు చొప్పున వస్తాయి. మీకు కావలసిన సైజు ఆ రోజు గుంటూరులో దొరకకపోవచ్చు, ఒంగోలులో దొరకకపోవచ్చు. పాత బండ్లకైతే విజయవాడ ఆటోనగర్ దాకా పోవాల్సి రావచ్చు. పైగా పిస్టన్‌కూ పిస్టన్‌కూ వెంట్రుకవాసి తేడా ఉంటుంది. అందుకని పిస్టన్ ముందు కొనాలి, దాన్ని మేస్త్రీ చేతిలో పెట్టి "దీనికి సరిపడా కొట్టు బాబాయ్" అనాలి. మంచి మేస్త్రీ అయితే అది చేతికి ఇచ్చేదాకా యంత్రమే ఎక్కించడు.

బోరు అయ్యాక హోనింగ్ రాయి గీసిన గీతలు పడతాయి. ఆ గీతల్లో రాతి పొడి ఉండిపోతుంది. పెట్రోలుతో తుడిస్తే పోదు. సబ్బు నీళ్ళతో తోమి, తెల్ల గుడ్డతో తుడిచి, గుడ్డ మసి అంటకుండా వచ్చేదాకా మళ్ళీ తోమాలి. వెంటనే ఆయిలు పూయాలి, లేకపోతే గంటలో తుప్పు పడుతుంది. ఈ ఒక్క పని బద్ధకించి కొత్త రింగులను నెల తిరగకుండా అరగదీసిన ఇంజన్లు మన షెడ్లలో కొల్లలు. మేస్త్రీలకు తెలియక కాదు, సాయంత్రం లోపు బండి కావాలని మనం నిలబెట్టి తొందరపెడతాం గనక.

టూ స్ట్రోకు ఇంజన్లకు పెట్రోల్లో ఆయిలు కలపడం మీకు తెలిసిందే. లీటరుకు 40 మిల్లీలీటర్లంటే 25కి ఒకటి, 20 మిల్లీలీటర్లంటే 50కి ఒకటి. ఏ ఇంజనుకు ఎంతో దాని పుస్తకం చెబుతుంది, కళ్ళు మూసుకుని మూతతో పోసే లెక్క చెప్పదు. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. అది తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలనూ కార్బురేటరులోని పల్చటి పొరనూ గట్టిపరుస్తుంది. కాబట్టి పాత ఇంజనుకు గొట్టాలూ ఆ పొరా కొత్తవి వేయండి. బండి వాడని నెలల్లో ట్యాంకు ఖాళీ చేయండి.

సరే, ఇంజను పలికింది. తాడు లాగగానే అందుకుంది. కుర్రాడి మొహం వెలిగిపోయింది. సరిగ్గా ఇక్కడే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఎందుకంటే పలికిన ఇంజను అలాగే ఉండటం ఎవరికీ ఇష్టం ఉండదు. ఇంకాస్త వేగం కావాలి.

నీళ్ళు తోడే ఇంజనుకు, జనరేటరు ఇంజనుకు గవర్నర్ అని ఒకటి ఉంటుంది. లోపల చిన్న బరువులు తిరుగుతుంటాయి. వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని థ్రాటిల్‌ను మూసే వైపు లాగుతాయి. నీళ్ళ ఇంజనునైతే నిమిషానికి సుమారు 3,600 చుట్ల దగ్గర పట్టి ఉంచేది అదే. కార్టు చేసే ప్రతి కుర్రాడికీ ముందు దాని మీదే కోపం. షెడ్డులో ఇలాంటి మాట చాలాసార్లు వినబడుతుంది.

"గవర్నర్ పీకేస్తే ఇంకా లాగుద్ది కదా బాబాయ్?"

"లాగుద్ది. ఎందాకా లాగుద్దో చెప్పు."

"ఎందాకా?"

"కనెక్టింగ్ రాడ్డు తెగేదాకా."

ఆ మేస్త్రీ చెప్పినదాంట్లో ఒక్క అక్షరం ఎక్కువ లేదు. దీని వెనక లెక్క ఇది. తిరిగే దాని మీద పడే లాగుడు వేగంతో సమానంగా పెరగదు, వేగపు వర్గంతో పెరుగుతుంది. 3,600 చుట్లకు తయారుచేసిన ఇంజనును 5,400 తిప్పితే వేగం పెరిగింది ఒకటిన్నర రెట్లే. ఫ్లైవీలు మీదా రాడ్డు మీదా పడే లాగుడు మాత్రం రెండుంపావు రెట్లయింది. ఈ చిన్న ఇంజన్లలో చాలావాటికి రాడ్డు అల్యూమినియం, ఫ్లైవీలు పోత ఇనుము. ఆయిలు పంపు కూడా ఉండదు, రాడ్డు అడుగున ఉండే చిన్న గరిటె ఆయిలును చిమ్ముతుంటే అదే అన్నిటికీ అందుతుంది. ఇదంతా 3,600కు సరిపోయే ఏర్పాటు. రాడ్డు తెగితే క్రాంకు పెట్టెను చీల్చుకుని బయటికొస్తుంది. ఫ్లైవీలు పగిలితే ముక్కలు ఎటు పోతాయో ఎవరూ చెప్పలేరు. ఇంజను ఉండేది నడిపేవాడి వీపు వెనకే.

విదేశాల్లో గవర్నర్ తీసి నడిపేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. వాళ్ళు దానికి తోడు గట్టి లోహపు దిమ్మ నుంచి చెక్కిన ఫ్లైవీలు, గట్టి రాడ్డు, గట్టి వాల్వు స్ప్రింగులు వేస్తారు. వీడియోలో గవర్నర్ పీకడం రెండు నిమిషాలు చూపిస్తారు, ఆ మిగతా సామాను కొన్న బిల్లు చూపించరు. మనకు అవి సులువుగా దొరకవు. దొరికినా ఆ డబ్బుతో మంచి బ్రేకులు రెండు జతలు వస్తాయి.

హెడ్డు చెక్కించి కంప్రెషను పెంచడం కూడా ఇలాంటిదే. మన మే నెలలో, గాలితో చల్లబడే ఇంజనులో అది కొట్టుకోవడం మొదలెడుతుంది, అంటే పెట్రోలు తనంతట తానే అంటుకుంటుంది. అలాగే నడిపితే పిస్టన్ తల కరగొచ్చు. సైలెన్సరు తీసేయడం మరీ అన్యాయం. టూ స్ట్రోకు ఇంజనుకు పొగగొట్టం కొలత ఇంజను కొలతతో కలిపి లెక్కేసి పెట్టింది. తీస్తే చప్పుడు పెరుగుతుంది, బలం తగ్గుతుంది. అదే సైలెన్సరును, సిలిండరు పొగ ద్వారాన్ని విప్పి ఏళ్ళనాటి బొగ్గు గీకి చూడండి. పోయిన బలం చాలావరకు తిరిగొస్తుంది, ఇరుగుపొరుగు తిట్టరు.

వేగం మార్చాలంటే మార్చాల్సింది ఇంజనును కాదు, పళ్ళ చక్రాలను. ఒక లెక్క చెబుతాను, కాగితం మీద రాసుకోండి. ఇంజను 3,600 చుట్లు. ఇంజను వైపు చక్రానికి 12 పళ్ళు, ఇరుసు వైపు చక్రానికి 72. అంటే ఆరింట ఒక వంతు, ఇరుసు 600 చుట్లు తిరుగుతుంది. టైరు వ్యాసం 40 సెంటీమీటర్లయితే ఒక చుట్టుకు మీటరుంపావు కదులుతుంది. నిమిషానికి 750 మీటర్లు, గంటకు 45 కిలోమీటర్లు. నేల నుంచి జానెడు ఎత్తులో కూర్చుని గంటకు 45 వెళ్ళడం అంటే ఏమిటో ఒకసారి ఊహించుకోండి. ఆ ఆరింట ఒకటిని పదింట ఒకటి చేయండి, దానికి మధ్యలో ఇంకో ఇరుసు పెట్టుకోవాల్సి వస్తుంది. వేగం 27కు దిగుతుంది. లాగే బలం పెరుగుతుంది, ఇంజను మీద భారం తగ్గుతుంది, నల్లరేగడి మట్టిలో కూడా బండి మొరాయించదు. ఆగడానికి పట్టే దూరం కూడా వర్గంతోనే మారుతుంది. 45లో వెళ్ళే బండికి 27లో వెళ్ళే బండి కంటే దాదాపు మూడు రెట్ల దూరం కావాలి. కల్లానికి ముళ్ళకంచె ఎంత దూరంలో ఉందో చూసుకుని ఏ లెక్క కావాలో తేల్చుకోండి.

వేగం తగ్గించి లాగే బలం రాబట్టే ఈ పని గుజరాత్‌లో అమ్రేలీ జిల్లా రైతు మన్‌సుఖ్‌భాయ్ జగానీ ఎప్పుడో చేసి చూపించాడు. బుల్లెట్ మోటారు సైకిలు వెనక చక్రం తీసి, రెండు చక్రాల ఇరుసూ దాని వెనక అరకా అమర్చి, ఎడ్లు లేని కాలంలో అంతరకృషికి వాడాడు. నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ దాన్ని గుర్తించింది. మన పత్తి, మిరప సాళ్ళలో గుంటక తోలడానికి పాత బైకులను మలుచుకుంటున్న వాళ్ళు చేస్తున్నదీ ఆ దారిలోదే. రోడ్డు మీద పరుగెత్తిన ఇంజను చేలో నడక నేర్చింది, వేగం తగ్గించుకుని బలం పెంచుకుంది.

ఇక బ్రేకులు. ఇంజను పలికాక బ్రేకుల సంగతి చూద్దామనేవాడు బండి చేయడానికి పనికిరాడని నా అభిప్రాయం. చట్రం వెల్డింగ్ అయిన రోజునే, ఇంజను ఇంకా బల్ల మీద ఉండగానే, బ్రేకులు బిగించాలి. బండిని నలుగురు తోసి, ఒకడు తొక్కి, ఆగుతోందో లేదో చూడాలి. పాత బైకు డిస్కు బ్రేకు ఒక్కటి వెనక ఇరుసుకు పెడితే రెండు చక్రాలూ పడతాయి. యాక్సిలరేటరుకు ఒక స్ప్రింగు కాదు, రెండు. ఒకటి తెగినా రెండోది థ్రాటిల్ మూయాలి. ఇంజను ఆపే స్విచ్చి చేతికి అందేలా స్టీరింగు పక్కనే ఉండాలి. దానికి తాడు కట్టి నడిపేవాడి మణికట్టుకు తగిలిస్తే, మనిషి జారిపడ్డ క్షణంలో ఇంజను ఆగిపోతుంది. పెట్రోలు ట్యాంకు పొగగొట్టానికి దూరంగా, గుద్దుకుంటే నలగని చోట.

ఆ ట్యాంకుకు ఎప్పుడూ వెల్డింగ్ చేయించకండి. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ఎక్కువ ప్రమాదం. పెట్రోలు పోయినా ఆవిరి లోపలే ఉంటుంది, నిప్పురవ్వ తగిలితే బాంబే. ఇంకొకటి, తలుపులు మూసిన సావిట్లో ఇంజను నడపకండి. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, మత్తు ముంచుకొచ్చినట్టే ఉంటుంది.

గొలుసుకూ, తిరిగే ఇరుసుకూ, చక్రాలకూ రేకు కవచం ఉండి తీరాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివార్లలో ఒక గో-కార్టింగ్ ట్రాకు మీద ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని జుట్టు చక్రంలో చిక్కుకుని ప్రాణం పోయింది. అది పందెం కాదు. సరదాగా తిరగడానికి వెళ్ళింది. మన ఇళ్ళలో జడలు, చున్నీలు, పైటకొంగులు, తలపాగాలు. కవచం లేని బండిని ఇంట్లో ఆడపిల్ల అడిగినా ఎక్కనివ్వకండి. కవచం పెట్టి ఎక్కనివ్వండి, జుట్టు ముడేసి హెల్మెట్టు పెట్టి మరీ.

మన తెలుగువాళ్ళలో ఈ పిచ్చిని పండించుకున్న ఒకాయన ఉన్నారు. హైదరాబాద్‌లో కె. సుధాకర్. చిన్నతనం నుంచీ పాత ఇనుము కొట్ల చుట్టూ తిరిగి, అక్కడ దొరికిన ఇంజన్లూ చట్రాలతో వంకాయ కారు, క్రికెట్ బ్యాటు కారు, ఆడవాళ్ళ ఎత్తు మడమ చెప్పు కారు చేశారు. 2010లో జూ పార్కు దగ్గర బహదూర్‌పురాలో వాటికి ఏకంగా మ్యూజియమే పెట్టారు. 2005లో ఆయన చేసిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. వెళితే చూడండి. నాకు అక్కడ నచ్చింది వంకాయ కాదు. అవి నడిచే బండ్లే, కాని పరుగు పందేలకు చేసినవి కావు. చేసినవాడికి తన బండి హద్దు తెలుసు.

ఇంజనీరింగ్ విద్యార్థుల బాహా పోటీ చూసినా అదే తెలుస్తుంది. 1976లో అమెరికాలో మొదలై, 2007 నుంచి మన దేశంలోనూ జరుగుతున్న పోటీ ఇది. గుంటలూ మిట్టలూ దాటే బండిని పిల్లలే తయారుచేయాలి. ఇంజను మాత్రం అందరికీ ఒకటే, ఒక చిన్న ఇంజను. దాన్ని మార్చడం నిషేధం, గవర్నర్ ముట్టుకుంటే పోటీ నుంచి బయటికే. తెలివంతా చట్రంలో, గేర్లలో, సస్పెన్షన్‌లో, బ్రేకుల్లో చూపించాలి. బ్రేకు పరీక్షలో నాలుగు చక్రాలూ ఒక్కసారే పట్టకపోతే ఆ బండి పరుగుకే దిగదు.

చట్టం సంగతి కూడా చెప్పేస్తాను, చాలామందికి దీని మీద తప్పు అభిప్రాయాలున్నాయి. "చిన్న ఇంజనే కదా, లైసెన్సు ఎందుకు" అంటారు. మోటారు వాహనాల చట్టం 1988, రెండో సెక్షన్ ప్రకారం నాలుగు చక్రాల కంటే తక్కువ ఉండి, ఇంజను 25 సీసీ దాటకపోతేనే దాన్ని మోటారు వాహనం కాదంటారు. స్ప్రేయరు ఇంజన్లు చాలావరకు 26 నుంచి 35 సీసీ. అంటే సైకిలుకు కట్టిన స్ప్రేయరు ఇంజను కూడా చట్టం దృష్టిలో మోటారు వాహనమే. ఉత్తరాదిన నీళ్ళ ఇంజనుతో చేసే జుగాడ్ బండ్లూ మోటారు వాహనాలేనని సుప్రీంకోర్టు 2013లో తేల్చింది. రిజిస్టరైన బండిని కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని 52వ సెక్షన్ చెబుతుంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణ ప్రకారం ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మైనారిటీ తీరని పిల్లవాడు రోడ్డెక్కి నేరం చేస్తే తండ్రికో సంరక్షకుడికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. ఊరి డొంక దారి కూడా రోడ్డే. కాబట్టి మీ బండికి మీ కల్లమూ, మీ కంచె లోపలి బీడూ హద్దు. గేటు దాటనివ్వకండి.

చివరగా ఒక విన్నపం, ఇది కుర్రాళ్ళకు కాదు. వడ్లమూడిలో, వడ్డేశ్వరంలో, బాపట్లలో, గుంటూరు పక్క చౌడవరంలో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. గుంటూరులో, ఒంగోలులో పాలిటెక్నిక్కులూ ఐటీఐలూ ఉన్నాయి. వాటి వర్క్‌షాపుల్లో బోరు గేజీలు, మైక్రోమీటర్లు, టార్కు రెంచీలు బీరువాల్లో ఉంటాయి. పల్లె కుర్రాడి దగ్గర అవే లేవు. ఇంజనూ ఉంది, ఓపికా ఉంది, కొలిచే సాధనం లేదు. నెలకొక ఆదివారం ఆ వర్క్‌షాపు తలుపులు తెరిచి, చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు తెచ్చిన సిలిండర్లను కొలిచి ఇవ్వండి. వచ్చినవాడి చేత అక్కడే బ్రేకు లెక్క కూడా వేయించి పంపండి. దీనికి కొత్త నిధులేమీ అక్కర్లేదు. తాళం చెవి ఉన్న ఒక లెక్చరరు, టీ కాచే ఒక అటెండరు చాలు.